మూడున్నర నెలల సూది

చెల్లెమ్మా, నీ బిడ్డ టీకాల కార్డు ఇప్పుడు ఎవరింట్లో ఉంది? అమ్మగారింట్లోనా, అత్తగారింట్లోనా? నవ్వకు. ఈ మధ్య ఉయ్యాలవాడలో పెళ్లికి పోయినా, ఆళ్లగడ్డ బస్టాండులో కూర్చున్నా, నంద్యాలలో బట్టల కొట్టుకు పోయినా, చంకలో సంటిబిడ్డ ఉన్న ఆడపిల్ల కనపడితే చాలు, నేనడిగే మాట ఇదే. చాలామంది జవాబు కూడా ఒకటే. "అమ్మోళ్లింట్లో బీరువాలో పెట్టొచ్చినాక్కా, ఈడికి తెస్తే యాడన్నా పారేసుకుంటానేమోనని."

అంత భద్రంగా దాచినందుకే ఈ ముచ్చట.

మన దిక్కు తొలికాన్పంటే పుట్టింట్లోనే. సీమంతం అయినాక తీసుకుపోతారు. పురుడు, ఉయ్యాల, బాలింత పథ్యం అన్నీ అమ్మ చేతి మీదనే జరుగుతాయి. మూడో నెలలోనో ఐదో నెలలోనో మంచిరోజు చూసి (నాలుగో నెల పనికిరాదంటుంది మా జేజి) తల్లినీ బిడ్డనూ అత్తారింటికి సాగనంపుతారు. ఇప్పుడు సర్కారు టీకాల లెక్క చూడు. పుట్టినప్పుడు కొన్ని. తర్వాత ఒకటిన్నర నెలకు, రెండున్నర నెలకు, మూడున్నర నెలకు. మళ్లీ తొమ్మిది నెలలు నిండినాక. మొదటి రెండు తడవలూ అమ్మ ఊళ్లో సులువుగా అయిపోతాయి. ఆ ఊరి ఆశా కార్యకర్తకు నువ్వు చిన్నప్పటి నుంచి తెలుసు, ఇంటికొచ్చి మరీ పిలుచుకుపోతుంది. మూడున్నర దగ్గర పడేసరికి ఇంట్లో అందరి ధ్యాసా సారె మీద, వెండి మొలతాడు మీద, వచ్చే చుట్టాల వంటల మీద ఉంటుంది. "ఆ సూదేస్తే పిల్లోడికి జొరమొస్తాది, ప్రయాణం పెట్టుకొని ఎందుకులే, ఆ ఊరికి పోయినాక ఏపిచ్చుకుంటారు" అంటుంది అమ్మ. ఇక్కడికొచ్చినాక అత్త అనుకుంటుంది, అన్నీ వేయించే పంపించినారని. పుట్టింటి ఊరి ఏఎన్‌ఎం తన రిజిస్టరులో బిడ్డ అత్తగారి ఊరికి పోయినట్టు రాసుకుంటుంది. అత్తగారి ఊరి ఏఎన్‌ఎంకు బిడ్డ వచ్చిన సంగతే తెలియదు. ఇందులో ఎవరినీ తప్పు పట్టలేం. సూది మాత్రం పడలేదు.

ఆ రోజు పడాల్సినవి మూడు సూదులు, రెండు రకాల చుక్కలు. ఎడమ తొడకు పెంటావాలెంట్ మూడో డోసు. కుడి తొడకు పి.సి.వి. అని పిలిచే న్యుమోకాకల్ టీకా రెండో డోసు. కుడి భుజం దగ్గర చర్మంలోకి చిన్న పోలియో సూది. నోట్లో పోలియో చుక్కలు, రోటా చుక్కలు. మూడు సూదులనగానే తల్లికి గుండె గుబేలుమంటుంది, నిజమే. కానీ ఆ మూడింటిలో రెండు, నేనిప్పుడు చెప్పబోయే జబ్బును అడ్డుకునేవి.

దాని పేరు మెనింజైటిస్. టెంకాయ కొట్టి కొబ్బరి తీస్తే దాన్ని కరుచుకొని పల్చటి గోధుమరంగు పొర వస్తుంది చూడు, మెదడునూ వెన్నుపామునూ చుట్టుకొని అట్లాంటి పొరలు మూడున్నాయి. వాటి మధ్య తేటనీరు తిరుగుతుంటుంది. క్రిములు రక్తంలో నుంచి ఆ పొరల్లోకి చేరి వాపు తెస్తే అదే మెనింజైటిస్. పైన పుర్రె గట్టి ఎముక, లోపల వాచడానికి చోటు లేదు. పొద్దున్నే ఆడుకున్న బిడ్డ రాత్రికి కళ్లు తేలేసేది అందుకే. బ్యాక్టీరియా వల్ల వచ్చే రకంలో ఆరుగురిలో ఒకరు చనిపోతారనీ, ఐదుగురిలో ఒకరికి తీవ్రమైన ఇబ్బందులు వస్తాయనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వైరస్‌తో వచ్చేది చాలామటుకు తనంతట తనే తగ్గుతుంది. కానీ ఏది ఏదో ఇంట్లో కూర్చొని మనం తేల్చలేం.

ఊళ్లో దీన్నీ మెదడువాపే అంటారు, దోమ వల్ల వచ్చే జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌నూ మెదడువాపే అంటారు. ఆ దోమ జ్వరం వైరస్‌ది. పందుల్లో, కొంగల్లో ఉంటుంది. వరిమడి నీళ్లలో పెరిగే క్యూలెక్స్ దోమ మోసుకొస్తుంది. మనిషి నుంచి మనిషికి అంటదు. కె.సి. కాలువ కింద వరి నాటుకునే మనకు దాని సంగతి కొత్త కాదు. 1999లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ జ్వరం విరుచుకుపడింది. పాత కర్నూలు జిల్లాలో ఆ దోమల మీద శాస్త్రవేత్తలు పనిగట్టుకొని పరిశోధనలు చేశారు. దానికి జె.ఇ. టీకా వేరే ఉంది. ఆ జబ్బున్న జిల్లాల్లో తొమ్మిది నెలలు దాటినాక ఒకటి, ఏడాదిన్నర నుంచి రెండేళ్ల మధ్య ఒకటి వేస్తారు. "మెదడువాపు సూది ఏపిచ్చినాంలే" అని ఎవరైనా ధీమాగా అంటే, ఏ సూది అని ఒకసారి కార్డు చూడు. జె.ఇ. టీకా మెనింజైటిస్‌ను ఆపదు, పెంటావాలెంట్ దోమ జ్వరాన్ని ఆపదు.

ఇంక మన క్రిముల దగ్గరికొద్దాం. చిన్నపిల్లల్లో ఈ జబ్బు తెచ్చేవాటిలో ముఖ్యమైనవి న్యుమోకాకస్, హిబ్, మెనింగోకాకస్. ఇవి ఎక్కడో మురికి కాలువలో ఉండవు. ఆరోగ్యంగా తిరిగే మనుషుల ముక్కులోనే, గొంతులోనే కాపురముంటాయి. బడి నుంచి వచ్చి తమ్ముణ్ణి ముద్దుపెట్టుకునే నీ పెద్దకొడుకు ముక్కులో ఉండొచ్చు, బిడ్డ చూపులకొచ్చిన చుట్టం గొంతులో ఉండొచ్చు. వాళ్లకేమీ కాదు. దగ్గుతోనో తుమ్ముతోనో బిడ్డకు చేరతాయి.

వీటి ఒంటి చుట్టూ చక్కెర జాతి పదార్థంతో ఒక పైపొర ఉంటుంది. రెండేళ్లలోపు బిడ్డ ఒళ్లు ఆ చక్కెరను శత్రువుగా గుర్తుపట్టలేదు, ఆ వయసు పిల్లలకే ఇది ఎక్కువగా రావడానికి అదొక కారణం. అందుకని శాస్త్రవేత్తలు ఆ చక్కెర ముక్కను ఒక ప్రోటీన్‌కు అతికించి టీకా చేశారు. ప్రోటీన్‌ను బిడ్డ ఒళ్లు వెంటనే గుర్తుపడుతుంది, దాంతోపాటు చక్కెరనూ గుర్తుపెట్టుకుంటుంది. అయితే అంత చిన్న ప్రాణానికి ఒక్కసారి చూపిస్తే గుర్తుండదు. హిబ్‌కు (దాని టీకా పెంటావాలెంట్‌లోనే ఉంది) మూడుసార్లు చూపించాలి, ఒకటిన్నర, రెండున్నర, మూడున్నర నెలలకు. న్యుమోకాకస్‌కూ మూడే, కానీ ఒకటిన్నర నెలకు, మూడున్నర నెలకు, తొమ్మిది నెలలు నిండినాక బూస్టరు. రెండింటికీ మూడున్నర నెలల రోజు ఉంది, గమనించినావా? అత్తారింటి ప్రయాణం సరిగ్గా దాని మీదనే పడుతుంది.

నా పిల్లలప్పుడు ఇవి ఊళ్లో దొరికేవి కావు. పెంటావాలెంట్ 2011 డిసెంబరులో తమిళనాడు, కేరళలో మొదలై 2015కల్లా దేశమంతా వచ్చింది. పి.సి.వి. 2017లో హిమాచల్‌లో, బీహార్, ఉత్తరప్రదేశ్‌లలో కొన్ని జిల్లాల్లో మొదలై 2021లో దేశమంతటికీ, మన రాష్ట్రానికీ చేరింది. అంతకుముందు దాన్ని ప్రైవేటులో వేయించాలంటే ఒక్కో డోసుకు వేలు పెట్టాలి, ఉద్యోగస్తుల పిల్లలకే ఆ భాగ్యం. ఇప్పుడు సచివాలయం పక్కన విలేజ్ క్లినిక్‌లో డబ్బు లేకుండా వేస్తారు. హైదరాబాదులో 1953లో పుట్టిన బయొలాజికల్ ఇ కంపెనీ పెంటావాలెంట్ తయారు చేస్తుంది. పద్నాలుగు రకాల న్యుమోకాకస్‌కు అదే కంపెనీ చేసిన టీకాకు 2022 చివర్లో అనుమతి వచ్చింది. సీమ ఇంటి గడపలోకి వచ్చిన ఈ సరుకును జొరమొస్తుందని వెనక్కి పంపడమేంది?

సరే, జ్వరం మాట. వస్తుంది. అందరికీ కాదు, చాలామందికి ఒకరోజో రెండురోజులో ఒళ్లు వెచ్చబడుతుంది, సూది పడిన చోట గట్టిగా, ఎర్రగా అవుతుంది, బిడ్డ చిరాకుగా ఏడుస్తుంది. ఏఎన్‌ఎం ఇచ్చే పారాసెటమాల్ ఆమె చెప్పినంతే, చెప్పినన్నిసార్లే పొయ్యి. పాలు మామూలుగా ఇవ్వు. వాపు మీద పసుపు రాయొద్దు, వేడి కాపడం పెట్టొద్దు, నూనె రుద్దొద్దు. సూదైనాక అరగంట అక్కడే కూర్చో, బస్సుకు టైమైందని లేచి రావద్దు. చిన్న జలుబు, కొంచెం దగ్గు ఉన్నంత మాత్రాన టీకా వాయిదా వేయనక్కర్లేదు, బిడ్డను చూసి చెప్పేది ఏఎన్‌ఎం, పక్కింటామె కాదు.

పుట్టినప్పుడు ఎడమ భుజానికి వేసే బి.సి.జి.ని మాత్రం తక్కువగా చూడొద్దు. కొన్ని వారాలకు అక్కడ చిన్న బొబ్బ లేచి, చీము పట్టి, ఎండి మచ్చవుతుంది. అది మామూలే, పిండొద్దు, ఏమీ పూయొద్దు. క్షయ క్రిమి మెదడు పొరలకు పట్టే రకం ఒకటుంది, ఆ రకం నుంచి చిన్నపిల్లలను కాపాడేది ఈ సూదే. అది గంటల్లో కాదు, మెల్లగా వస్తుంది. రెండు మూడు వారాలు మందకొడి జ్వరం, తిండి సహించకపోవడం, ఆటల్లో ఉత్సాహం పోవడం, తర్వాత వాంతులు, ఒక్కోసారి మెల్లకన్ను. ఇంట్లో తాతకో జేజికో రెండు వారాలు దాటి దగ్గుంటే బిడ్డను వాళ్ల పక్కన పడుకోబెట్టడం తర్వాత, ముందు వాళ్ల తెమడ పరీక్ష చేయించు. క్షయ తేలితే ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలకు ముందుజాగ్రత్త మందు ఇస్తారు.

మా దిక్కు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మీద 2019లో పెద్ద సినిమా వచ్చింది. నంద్యాల ఎండల్లో ఐస్‌ప్యాకుల పెట్టె భుజాన వేసుకొని ఊరూరు తిరిగే ఏఎన్‌ఎం మీద మాత్రం ఎవరూ తీయరు. ఈ టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఎండ తగిలితే చెడతాయి. పెంటావాలెంట్, పి.సి.వి. అయితే గడ్డకట్టినా పనికిరావు. అందుకే ఐసును కాసేపు బయట ఉంచి, లోపల నీళ్లు గలగలమన్నాక గానీ పెట్టెలో సర్దరు. ఆ తంటాలన్నీ పడి బుధవారం, శనివారం ఆమె వచ్చి కూర్చుంటే, పత్తి ఏరడానికి పోయినామని మనం రాకపోతే ఆమె చేసేదేముంది? కూలి పోతుందనేది ఉత్తమాట కాదు, నాకు తెలుసు. పొద్దున్నే మొదటి వరుసలో నిలబడి వేయించుకుని పోతానంటే కాదనే ఏఎన్‌ఎంను నేనింతవరకు చూడలేదు.

మూడోది తప్పిపోయిందే, ఇప్పుడు బిడ్డకు ఆరోనెల అంటావా? మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టనక్కర్లేదు, ఆగిన చోటి నుంచే వేస్తారు. ఏడాది దాటకముందే ఒక్కసారైనా మొదలై ఉండాలి, అదొక్కటే షరతు. ఏ ఊళ్లో ఉంటే ఆ ఊళ్లోనే వేయించుకోవచ్చు. "మీది ఈ ఊరు కాదు" అనే మాట చెల్లదు. కార్డు పోయిందని సిగ్గుపడి ఇంట్లో కూర్చోవద్దు. పుట్టింటి ఊరి రిజిస్టరులో ఉంటుంది, ఆ ఏఎన్‌ఎంకు ఫోను చేయిస్తే డోసుల తేదీలు చెబుతుంది. ఇప్పుడు యు-విన్ అని ఫోనులోనూ ఎక్కిస్తున్నారు. నీ నంబరు మారితే మాత్రం చెప్పు, పాత సిమ్ముకు పోయే మెసేజీలు ఎవరు చూస్తారు? సారె సామాన్లు సర్దేటప్పుడు కార్డును బిడ్డ బట్టల సంచిలో పెట్టమని నేను చెప్పేది. బంగారం బీరువాలో ఉన్నా ఫరవాలేదు.

టీకాలన్నీ పడినా కళ్లు మూసుకొని కూర్చోలేం. ఈ జబ్బు తెచ్చే క్రిములన్నింటికీ టీకా లేదు. నెలలోపు పసిగుడ్డుకు పట్టే క్రిములు వేరు, అక్కడ కాపాడేది ఆస్పత్రి కాన్పు, శుభ్రమైన చేతులు, ముర్రుపాలు, ఆశా ఇంటికొచ్చి చూసే చూపు. కాబట్టి ఏ జ్వరానికి పరుగెత్తాలో తెలిసి ఉండాలి.

ఏడాదిలోపు బిడ్డ మెడ నొప్పి అని చెప్పలేదు. పాలు చీకడం మానేస్తుంది. ఎత్తుకుంటే ఊరుకోవాల్సింది ఎత్తుకున్నకొద్దీ ఇంకా కీచుగా ఏడుస్తుంది, లేదా పిలిచినా లేవని మత్తులో ఉంటుంది. ఒళ్లు గుడ్డపీలికలాగా వేలాడుతుంది, లేదా కొయ్యబారి వెనక్కి విరుచుకుంటుంది. కొందరికి ఒళ్లు వేడి బదులు చల్లబడుతుంది. ఫిట్స్ వస్తాయి. మాడు మీద చేయి పెట్టి చూడు. ఏడవకుండా నిటారుగా ఎత్తుకున్నప్పుడు కూడా మాడు ఉబ్బి బిగుసుకొని ఉంటే ఇంక ఆలోచించొద్దు. (లోపలికి గుంటపడితే అది నీళ్లు తగ్గినందుకు, అదీ ప్రమాదమే, దారి వేరు.) పెద్దపిల్లలైతే తలనొప్పి భరించలేమంటారు, వెలుతురు చూడలేరు, వాంతులవుతాయి, గడ్డం ఎదకు ఆనించమంటే ఆనించలేరు, మాట తడబడుతుంది. మెనింగోకాకస్ అయితే ఒంటి మీద ఎర్రవి, ఊదావి చుక్కలు లేస్తాయి. గాజుగ్లాసును ఆ మచ్చ మీద అదిమి చూడు, గ్లాసులో నుంచి మచ్చ మాయం కాకుండా అట్లే కనపడితే 108కి ఫోను చెయ్యి. మన నల్లటి ఒంటి మీద మచ్చలు తేలిగ్గా తెలియవు, అరచేతులు, అరికాళ్లు, కంటిరెప్ప లోపల చూడాలి. ఈ గుర్తులన్నీ కలిసి రావాలని ఎదురుచూడొద్దు.

దిష్టి తీయొద్దని నేననను. అత్తతో ఆ పూట గొడవెందుకు? మిరపకాయలు, ఉప్పు గుప్పిట్లో పట్టుకొని ఆటో ఎక్కి, దారిలో తిప్పమను.

మా మేనత్త మనవడిది ఒక కథ చెబుతా. ఎనిమిది నెలల పిల్లోడు, జ్వరం, వాంతులు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది, మరుసటి రోజు ఇంకొకటి. జ్వరం కొంచెం దిగింది, మూడోరోజు ఫిట్స్ వచ్చాయి. అప్పుడు పరుగెత్తారు. ఇట్లా అరకొరగా యాంటిబయాటిక్ పడితే జబ్బు తగ్గదు, దాని గుర్తులు మాత్రం మసకబారతాయి, తర్వాత పరీక్షలో క్రిమి పేరు దొరకదు. ఆస్పత్రిలో నడుము నుంచి నీళ్లు తీయాలన్నారు. అక్కడ మొదలైంది అసలు గొడవ. "వెన్నుపూసలో సూదేస్తే కాళ్లు పడిపోతాయంట" అని మా మామ సంతకం పెట్టలేదు. సగం పూట దానికే పోయింది.

ఆ భయం మన ఊళ్లన్నింటిలో ఉంది కాబట్టి వివరంగా చెబుతా. వెన్నుపాము నడుము దాకా రాదు, పైననే ఆగిపోతుంది. సూది వేసేది దానికి కింద, నీళ్లూ నరాల పోగులూ మాత్రమే ఉండే చోట. తీసేది కొన్ని చుక్కలు, ఒళ్లు వాటిని మళ్లీ తయారు చేసుకుంటుంది. ఆ నీళ్లు తేటగా ఉన్నాయా, మబ్బుగా ఉన్నాయా, అందులో చక్కెర ఎంత, ప్రోటీన్ ఎంత, ఏ క్రిమి ఉంది అనేది చూస్తే గానీ ఇది బ్యాక్టీరియానా, వైరస్సా, క్షయా అని తేలదు. క్షయ అయితే మందులు నెలలు వాడాలి, బ్యాక్టీరియా అయితే రోజుల లెక్క. తేల్చకుండా ఏ మందు ఎన్నాళ్లు ఇస్తారు? జబ్బు వల్ల కాళ్లు పడిపోయిన బిడ్డను చూసి, నిందను పరీక్ష మీద వేశారు మనవాళ్లు. సంతకం పెట్టమని మీ ఆయనకు నువ్వు చెప్పు. పరీక్షకు ఆలస్యమయ్యేటట్టుంటే డాక్టర్లు ముందే యాంటిబయాటిక్ మొదలుపెడతారు, అది కూడా సరైనదే. నంద్యాల సర్వజన ఆస్పత్రికి 2023 నుంచి మెడికల్ కాలేజీ తోడైంది, ఇంతకుముందులాగా ప్రతిదానికీ కర్నూలు పెద్దాస్పత్రి దాకా ఉరకాల్సిన పని కొంత తగ్గింది.

పిల్లోడు బతికాడు. అందరం అహోబిలం పోయి మొక్కు తీర్చుకున్నాం. ఏడాదిన్నర వయసు వచ్చినా "అమ్మా" అనలేదు. "మగపిల్లోళ్లు లేటుగా మాట్లాడతారు" అని ఒకరు, "వాళ్ల నాయన కూడా అంతే" అని ఒకరు. వెనక కంచం కింద పడినా తిరిగి చూడలేదని ఒకరోజు వాళ్లమ్మే కనిపెట్టింది. రెండు చెవులూ పోయాయి.

ఈ జబ్బు మిగిల్చిపోయే వాటిల్లో అన్నిటికంటే ఎక్కువమందికి వచ్చేది చెవుడే. వాపు లోపలిచెవి దాకా పాకుతుంది. కొందరిలో ఆ తర్వాత లోపలి చెవి ఎముకలాగా గట్టిపడిపోతుంది, అట్లా అయిపోతే కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టడం కష్టం. అందుకే డిశ్చార్జి కాగితం చేతికివ్వకముందే వినికిడి పరీక్ష చేయించాలి, కుదరకపోతే నెలలోపు తప్పక చేయించాలి. సంటిబిడ్డకైనా నిద్రపుచ్చి చేసే పరీక్ష ఉంది, "ఇంత చిన్నోడికి ఏం తెలుస్తుంది" అనేవాళ్ల మాట వినొద్దు. కాక్లియర్ ఆపరేషన్ ఆరోగ్యశ్రీగా మొదలైన మన రాష్ట్ర పథకంలో ఉంది. వయసు పెరిగేకొద్దీ దాని ఫలితం తగ్గుతుంది, ఎందుకంటే మెదడు మాటలు నేర్చుకునేది తొలి ఏళ్లలోనే. ఆ పిల్లోడికి ఆపరేషనైంది. ఇప్పుడు మాట్లాడతాడు, వాళ్లమ్మతో పోట్లాడతాడు కూడా. వాళ్లమ్మ మాత్రం థెరపీకి తిప్పడానికి పని మానుకుంది.

చెవి మాటెత్తాను కాబట్టి ఇంకొకటి. తలంటు పోసేటప్పుడు బిడ్డ చెవిలో నూనె పోసే అలవాటు మానండి. చెవిలో చీము కారుతుంటే అది ముదిరి మెదడు పొరలదాకా పోవచ్చు, నూనె పోసి ఊరుకునేది కాదు. సాంబ్రాణి పొగ కూడా బిడ్డ ముక్కుకు మేలు చేయదు, నువ్వు తల ఆరబెట్టుకోవడానికైతే నీ ఇష్టం.

ఇంతవరకూ మెనింగోకాకస్ టీకా గురించి చెప్పలేదు, ఎందుకంటే మన ఉచిత టీకాల్లో అది లేదు. ఢిల్లీలో 1966లో, 1985లో, 2005లో, ఆ తర్వాత మేఘాలయలో ఈ క్రిమి ఊళ్లను చుట్టేసింది గానీ మన దిక్కు పసిపిల్లల్లో ఎక్కువ బాధ పెట్టేవి మిగతా రెండు క్రిములే. మెనింగోకాకస్ అసలు రాజ్యం ఆఫ్రికాలో, సెనెగల్ నుంచి ఇథియోపియా దాకా. అక్కడ ఏ-రకం క్రిమి ప్రతి ఎండాకాలం వేలమందిని మింగేది. పుణెలో సీరం ఇన్‌స్టిట్యూట్ ఆ దేశాల కోసమే చవకగా ఒక టీకా చేస్తే, 2010 డిసెంబరులో బుర్కినా ఫాసోలో వేయడం మొదలైంది. 2017 తర్వాత ఆ ప్రాంతంలో ఏ-రకం కేసు ఒక్కటీ రుజువు కాలేదు. ఐదు రకాలకు పనిచేసే వాళ్ల కొత్త టీకాను 2024లో నైజీరియా అందరికంటే ముందు మొదలుపెట్టింది.

అయితే నంద్యాలలో, చాగలమర్రిలో, ఆళ్లగడ్డలో మెనింగోకాకస్ టీకా వేయించుకున్న పెద్దమనుషులు చాలామంది ఉన్నారు, తెలుసా? హజ్‌కు పోయినవాళ్లు. 1987లో హజ్ దగ్గర ఈ జబ్బు ప్రబలినప్పటి నుంచి సౌదీ ప్రభుత్వం టీకా లేనిదే రానివ్వదు. 2000, 2001లలో డబ్ల్యూ-135 అనే మరో రకం చెలరేగాక నాలుగు రకాలకు పనిచేసే టీకానే తప్పనిసరి చేసింది. అన్ని దేశాల జనం ఒక్కచోట భుజం భుజం రాసుకునే చోటు కదా. అక్కడికి చేరడానికి కనీసం 10 రోజుల ముందు సూది పడాలి. హజ్ కమిటీ ద్వారా పోయేవాళ్లకు శిబిరం పెట్టి వేస్తారు. ఉమ్రాకు సొంతంగా ట్రావెల్స్‌లో పోయేవాళ్లే దీన్ని మర్చిపోతారు. 2024లో ఉమ్రా నుంచి తిరిగి వచ్చినవాళ్లలో అమెరికాలో, యూరప్‌లో కేసులు బయటపడ్డాయి కూడా. మా పక్కింటి పెద్దమ్మ పోయినేడు ఉమ్రాకు బయలుదేరుతుంటే ఏజెంటు టికెట్టూ హోటలూ చెప్పినాడు గానీ టీకా మాటెత్తలేదు. నేనడిగితే "నాకెందుకే ఈ వయసులో సూదులు" అనింది. ఈ వయసులోనే కావాలమ్మా, తిరిగొచ్చి ముద్దు పెట్టేది మనవళ్లనే కదా అన్నాను. మరుసటి రోజే కొడుకును వెంటబెట్టుకొని పోయి వేయించుకుంది.

ఇంకొకళ్లున్నారు, అమెరికా పోయే మన పిల్లలు. బీటెక్ అయిపోయి 21 ఏళ్లకే ఎం.ఎస్. అంటూ విమానమెక్కుతున్నారు. హాస్టళ్లలో, ఒకే గదిలో నలుగురైదుగురు ఉండే చోట ఈ క్రిమి సులువుగా పాకుతుంది, అందుకే అక్కడి చాలా కాలేజీలు ఈ టీకా అడుగుతాయి. టెక్సాస్‌లో అయితే చట్టమే ఉంది. 22 ఏళ్లలోపు కొత్తగా చేరే విద్యార్థికి క్లాసులు మొదలవడానికి కనీసం 10 రోజుల ముందే టీకా పడి ఉండాలి. మీ తమ్ముడికో మరిదికో సీటొస్తే వీసా, లోను, పచ్చళ్ల ప్యాకింగుతో పాటు ఇదీ రాసుకో. టికెట్టు కొనేనాడే నంద్యాలలోనో కర్నూలులోనో పిల్లల డాక్టరును అడిగి తెప్పించమను, అన్ని మందుల షాపుల్లో అప్పటికప్పుడు దొరికేది కాదది. డాక్టరు సంతకం, తేదీ, టీకా పేరు ఇంగ్లీషులో రాయించి ముద్ర వేయించుకొమ్మను. లేకపోతే అక్కడ దిగాక మళ్లీ డాలర్లు పోసి వేయించుకోవాలి.